గాలి మీద వంతెన

మా ఉస్తాద్‌ను మీరే చంపారు. డాక్టర్లు గుండెపోటని రాసిచ్చారు, రాసివ్వనీ. మా బస్తీ పేరు మొఘల్‌పురా అనగానే ఫోన్‌లో "అటా?" అని ఒక్క క్షణం ఆగుతారే, ఆ మీరే. మొన్న శుక్రవారం పాఠం మధ్యలో కుప్పకూలి, ఆసుపత్రి చేరకముందే ఆయన కన్నుమూశారు.

గాజుల దుకాణం మీది గదిలో నెట్‌వర్కింగ్ నేర్పేవారాయన. యాభై దాటాక నేనూ వెళ్లి కూర్చున్నాను. ఒక ల్యాప్‌టాప్ లోపలే ఉత్తుత్తి కంప్యూటర్‌ను పుట్టించి, దాన్ని నెట్‌కు కలపాలి. గదికి నెట్ వైర్ లేదు, కింది దుకాణం వై-ఫైయే దిక్కు. కొత్తవాళ్లందరిలాగే నేనూ, లోపలిదాన్ని సొంత పేరుతోనే నెట్‌లోకి పంపే 'బ్రిడ్జ్' నొక్కాను. నెట్ రాలేదు.

"గాలి మీద వంతెన కడుతున్నవా అన్నా?" అని ఉస్తాద్ నవ్వారు. "వై-ఫై ఈ ల్యాప్‌టాప్ ఒక్కదాన్నే గుర్తుపడ్తది. దాని ఎన్క కొత్త మొఖం కనవడితే గడప తొక్కనియ్యదు. న్యాట్ పెట్టు. లోపలిది ల్యాప్‌టాప్ పతా చెప్పుకొని బయటికి పోతది, జవాబు తెచ్చుకుంటది."

"బయటివాళ్లు దాన్ని పిలవాలంటే?"

"ఏడ పిలుస్తరు? అదొకటి ఉన్నదనే వాళ్లకు తెల్వదు. మనమే దర్వాజ తెరవాలె."

పతా అంటే చిరునామా. ధూల్‌పేట్ నుంచి వచ్చే అమ్మాయి ఒకరోజు ఆ మాటే పట్టుకుంది. "సార్, నౌకరీలకు మస్తు అప్లికేషన్లు పెట్టిన. ధూల్‌పేట్ అని చూసి ఒక్కరు పిలుస్తలేరు. కూకట్‌పల్లిల మా మేనత్త ఉంటది, ఆమె పతా రాస్త. నాకు నేనే న్యాట్ పెట్టుకుంట!"

అందరం నవ్వాం. ఉస్తాద్ నవ్వలేదు. "మిషన్‌కు పెట్టు బేటా, మనిషికి పెట్టకు. నువ్వు దాసుకుంటే వాళ్లకు మారాలన్న ఫికరేముంటది?"

శుక్రవారం అంబులెన్స్‌కు ఫోన్ చేసింది ఆ అమ్మాయే. లోపలికి రాలేం, మెయిన్ రోడ్డు అడ్రస్ చెప్పమన్నారు.

"రోడ్డు మీద పేషెంట్ లేడు! మొఘల్‌పురాల ఉన్నడు, గదే రాస్కో!" అని అరిచింది.

రాసుకున్నారేమో. బండి మాత్రం రోడ్డు మీదే ఆగింది. మా గదికి వెళ్లేది నీళ్ల ట్యాంకర్ రోజూ తిరిగే గల్లీయే. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లాం. సగం దారిలో ఆయన తల నా భుజం మీదికి వాలిపోయింది.

తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. లోపలి కంప్యూటర్ "ఉన్నావా" అని బయటి ప్రపంచాన్ని అడుగుతూనే ఉంది. ప్రతిసారీ జవాబు వస్తోంది.

మీ సంతాపం నాకొద్దు. ఇవి కావాలి:

అంబులెన్స్ రోగి గుమ్మం దాకా రావాలి.

ఉద్యోగ దరఖాస్తులో చిరునామా అడగడం మానాలి.

ఆ గదికి ఒక నెట్ వైర్ లాగాలి.

ధూల్‌పేట్ అమ్మాయిని ఇంటర్వ్యూకు పిలవాలి. ఆ పిలుపు ధూల్‌పేట్ చిరునామాకే రావాలి.