రవి టోపీ, నా బూట్లు

అమెరికాలో మేముండే మోరిస్‌విల్ ఊరి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనడిగిన ప్రశ్నకి రవి ఇప్పటిదాకా బదులివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ శనివారం స్నేహితులందరం సముద్రతీరానికి డ్రైవ్ చేశాం. నూట అరవై ఏళ్ల కిందటి అమెరికా అంతర్యుద్ధం, సివిల్ వార్‌లో ఓడల మీద వచ్చిన సైన్యం దిగిన తీరం అది. మ్యూజియం చూసి, బయట స్మారక స్తంభం దగ్గరికి వెళ్లగానే నేను బూట్లు విప్పాను. అంతమంది చనిపోయిన చోట బూట్లతో నిలబడాలనిపించలేదు.

"ఇదేమన్నా గుడి అనుకున్నావా? వేసుకోరా, పరువు పోతోంది," అన్నాడు రవి, తలమీది టోపీ సర్దుకుంటూ. అందరూ నవ్వారు.

అంతలో మ్యూజియం యూనిఫాంలో ఉన్న ఒక పెద్దాయన నేరుగా నా వైపే వచ్చాడు. వచ్చే నెలలో నాకు వీసా స్టాంపింగ్ ఉంది. ఏదైనా రూల్ తప్పానంటే అది ఆగిపోతుందేమోనని బూట్ల కోసం వంగాను.

"బూట్లెందుకు విప్పావు?" అని అడిగాడు.

"మావాళ్లు గౌరవం ఇలాగే చూపిస్తారండీ," అన్నాను.

ఆయన తలూపి రవి వైపు తిరిగాడు. "మావాళ్లు టోపీ తీస్తారు," అన్నాడు.

రవి గబుక్కున టోపీ తీశాడు. అమ్మయ్య అనుకున్నాను. ఇసుక కాళ్లు కాలుస్తున్నా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాను.

తిరుగు ప్రయాణమంతా కార్‌లో క్రికెట్ గురించే మాట్లాడారు. రవీ, ఆ రోజు పరువు ఎవరివల్ల పోయిందో ఇప్పుడైనా చెప్పు.