ఎండిన సంపు

పాప నా పక్కనే కూర్చుని క్రీమ్ బిస్కెట్ నాకుతోంది. వాళ్లమ్మ నాకు టీ గ్లాసు అందిస్తూ, తెరిచి ఉన్న తలుపులోంచి వీధి వైపు చూసి, తన భాషలో ఒకే ఒక్క మాట మెల్లగా అంది. నేను గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి పాప లేదు. వాళ్లమ్మ ముఖం మీద నవ్వు మాత్రం అలాగే ఉంది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే.

అది మేడ్చల్ పారిశ్రామికవాడ వెనక, కార్మికుల కాలనీలో ఒక ఇంటి కింది వాటా. పైన ఓనరమ్మ ఉంటుంది. మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన ఆ కుటుంబం అందులో దిగి నెల కాలేదు. తండ్రి తుక్కు గోదాములో పనికి వెళ్లాడు. నేను సోషల్ వర్క్ పీజీ చదువుతూ, ఇలాంటి కుటుంబాలకు సాయం చేసే ఒక సంస్థలో ఇంటర్న్‌గా చేరాను. ఆస్పత్రికి తోడు వెళ్లడం, ఓనర్లతో మాట్లాడి పెట్టడం, పిల్లల్ని బడిలో చేర్పించడం మా పని. ఆ మధ్యాహ్నం పాపను సర్కారు బడికి తీసుకెళ్లాలి. మా చిన్నమ్మాయి ఈడే.

"పాప ఎక్కడ?" అని హిందీలో అడిగాను.

"బచ్చా నహీ," అంది ఆమె, అదే నవ్వుతో. పిల్లలు లేరట.

ఆమె బిస్కెట్ ప్యాకెట్ తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. గుమ్మం దగ్గరి చిన్న చెప్పులు మాయమయ్యాయి. వెనక పెరట్లోకి వెళ్లి తీగ మీది గౌను తీసుకొచ్చింది. ఆమె అక్కడ ఉండగా ఇనుము నేలకు రాసుకున్న చప్పుడు వినిపించింది. చాప మీద రాలిన పొడిని కూడా అరచేత్తో ఊడ్చేసింది. నేను చూస్తుండగానే అది పిల్లలు పుట్టని ఇల్లైపోయింది. పాప కూర్చున్న చోట చెయ్యి పెట్టి చూశాను. ఇంకా వెచ్చగానే ఉంది.

బయట మాత్రం అంతా మామూలే. వీధిలో నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది. మేడ మీంచి ఓనరమ్మ అరుస్తోంది.

"పొద్దుగాల రమ్మంటే గిప్పుడొస్తవా? బోరెండి నెల దాటె. మస్తు పరేషాన్ అయితున్నం!"

"ఏం జేయాలె అక్కా, షామీర్‌పేట చెరువే దెచ్చి నీ ఇంట్ల పోయాల్నా?" అంటూ డ్రైవర్ పైపు భుజాన వేసుకుని, పక్క సందులోంచి పెరట్లోకి లాక్కుపోతున్నాడు. కిటికీలోంచి నన్ను చూసి, "గీ మేడమ్ ఎవరు? ఓట్లు రాయనీకి వచ్చిన్రా?" అన్నాడు.

"గాళ్లకు ఓట్లేడియి? నువ్వు జల్దీ గానియ్యి," అంది ఓనరమ్మ పైనుంచి.

అతను ఖాకీ చొక్కా వేసుకున్నాడు.

చేరిన మొదటి రోజే మా సీనియర్ మేడమ్ ఒక మాట చెప్పింది. ఆటోలో వెళ్తే వీధి చివరే దిగిపో, ఖాకీ చొక్కాతో డ్రైవర్ వాళ్ల గుమ్మం దాకా రాకూడదు అని. దారి పొడవునా వాళ్లను ఆపి ప్రశ్నలు అడిగినవాళ్లందరూ ఖాకీలోనే ఉన్నారట. నేను ఆ రోజు కూడా వీధి చివరే దిగాను. ట్యాంకర్ డ్రైవర్‌కి ఆ సంగతి ఎవరు చెబుతారు?

పెరట్లో ఇనుప మూత జరిగింది. డ్రైవర్ పైపు లోపలికి తోసి, మళ్లీ సందులోంచి బండి దగ్గరికి వెళ్లిపోయాడు. కాసేపటికి నీళ్ల హోరు మొదలైంది.

పాప తల్లి నవ్వు పోయింది. వెనక తలుపులోంచి పరిగెత్తింది. ఆమె వెనకే నేనూ. నేలలోని సంపులోకి దిగిన పైపును రెండు చేతులతో పట్టుకుని లాగుతోంది. నోట్లోంచి చిన్న మూలుగు కూడా లేదు. పైపు బరువుకి కదలడం లేదు. అప్పుడు అర్థమైంది నాకు. వాళ్లు దిగిన రోజు నుంచీ ఆ సంపు ఎండే ఉంది. అందులోకి నీళ్లొస్తాయని ఆమెకు తెలియదు. ఆమె దృష్టిలో అది నేల కింద ఒక గది.

"ఆపండి! నీళ్లు ఆపండి! లోపల పాప ఉంది!"

హోరు ఆగింది. ఫోన్ లైటు వేసి వంగాను. మూలన గోడకు అంటుకుని పాప నిలబడి ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకుంది. రెండో చేతిలో బిస్కెట్‌ను తడవకుండా పైకెత్తి పట్టుకుంది. పిలిచాను. చెయ్యి చాచాను. కళ్లు నా వైపే ఉన్నాయి గానీ పాప కదల్లేదు.

డ్రైవర్ పరిగెత్తుకొచ్చాడు. పాప తల్లి చటుక్కున లేచి సంపుకి అడ్డం నిలబడింది. నవ్వు మళ్లీ వచ్చింది.

"బచ్చా నహీ," అంది అతనితో.

"అన్నా, ముందు ఆ చొక్కా తీసేయండి," అన్నాను.

"సొక్కానా? సొక్కేం జేసింది మేడమ్?"

"తీసేయండి! దాన్ని చూసే భయపడుతున్నారు."

"తియ్యరాదుర, నీ బొర్ర జూసి ఎవ్వలు బెదరరు!" మెట్లు దిగుతూ ఓనరమ్మ అరిచింది.

అతను చొక్కా విప్పి గోడవతల పారేశాడు. బనియన్‌తో, ఖాళీ చేతులు చూపిస్తూ వెనక్కి జరిగాడు. ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. తర్వాత కూర్చుని, పక్కనున్న ఇనుప మూత మీద అరచేత్తో మెల్లగా తట్టింది. కింద నీళ్లు కదిలాయి, గోడకున్న ఇనుప మెట్ల మీద పాదాల చప్పుడైంది. రెండు చిన్న చేతులు పైకి వచ్చాయి.

పాప ఏడవలేదు. తల్లి ఒళ్లో కూర్చుని మిగిలిన బిస్కెట్ తినడం మొదలుపెట్టింది.

డ్రైవర్ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "గింత పోరి... ఒక్క కూత వెట్టలేదేంది మేడమ్? నీళ్లొస్తాంటే గూడ? మా పోరయితే బస్తీ అంత లేపుతుండె."

ఇప్పుడు, మా పిల్లలు నిద్రపోయాక, ఇది రాస్తుంటే కూడా ఆ ప్రశ్నే వినిపిస్తోంది.

ఎందుకంటే ఆ సాయంత్రం షామీర్‌పేట దగ్గర మా ఇంటికి చేరాక ఇంకొకటి జరిగింది. మేం కాకినాడ నుంచి వచ్చి ఇల్లు కొనుక్కున్న ఆ కాలనీలో సగం ఇళ్లు ఖాళీ. మా అమ్మాయిలిద్దరూ బడి నుంచి వచ్చి, నేను చేరేదాకా ఒంటరిగా ఉంటారు. అందుకని వాళ్లకు నేర్పి పెట్టాను. బెల్ రెండుసార్లు మోగితే అమ్మ. ఒక్కసారే మోగితే ఎవరో. అప్పుడు ఇంట్లో ఎవరూ లేనట్టే ఉండాలి.

నేను పరధ్యానంలో ఒక్కసారే నొక్కాను.

హాల్లో లైటు ఆరిపోయింది. టీవీ నోరు మూసుకుంది. తలుపవతల, నా చేతికి అందేంత దూరంలో, ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఉన్నారని నాకు తెలుసు. మళ్లీ రెండుసార్లు నొక్కబోయి ఆగాను. ఆ నిశ్శబ్దం నేను మధ్యాహ్నం సంపులోకి వంగి విన్నదే.

మర్నాడు పొద్దున ఇద్దరికీ జడలు వేస్తూ చెప్పాను. "బెల్ సంగతి అలాగే ఉండనీ. కానీ నీళ్లొచ్చినా, పొగొచ్చినా, నొప్పి వేసినా అమ్మ చెప్పింది కదా అని నోరు మూసుకోకండి. గట్టిగా అరవండి."

"దొంగ వింటే?" అంది పెద్దది.

"విన్నా సరే. ఏదీ, ఇప్పుడు అరవండి."

పెద్దది సిగ్గుపడుతూ అరిచింది. చిన్నది నోరు తెరిచింది. గొంతు రాలేదు. నా వైపు చూసి, చేత్తో నోరు మూసుకుంది.

ఆ చెయ్యి తీశాను. "మళ్లీ," అన్నాను. "పక్కింటివాళ్లు పరిగెత్తుకు రావాలి."