విక్టర్ సర్దిన బ్యాటరీ

పెట్టె సర్దడమంటే విక్టర్ బాబాయిదే అంటారు నూజివీడు మామిడి షెడ్లలో. గడ్డి పరిచి, ఒక కాయ తొడిమ ఇటు, పక్క కాయ తొడిమ అటు. అలా పెడితే సందు మిగలదు, లారీ కుదుపుకు కాయ నలగదు. పెళ్లికి ముందు నుంచీ అతని చేతులు చేసే పని ఇదే. పెట్టె మీద మాత్రం షావుకారు పేరే ఉంటుంది.

పోయినేడు కోతకు మనుషులు చాలక షావుకారు దశరథరామయ్య అతన్ని చెట్టెక్కించాడు. పడ్డాడు. మోకాలు మళ్లీ వంగలేదు. సైకిలు తొక్కలేడు. తెల్లవారుజామున కాయల లోడు దిగే వేళకు అతని ఊరు రెడ్డిగూడెం నుంచి బస్సు లేదు.

"సోమవారం నుంచి లోడు దిగేసరికి ఉండాలి విక్టరూ. లేదంటే చింతలపూడి నుంచి మనిషిని పిలిపించుకుంటా" అన్నాడు షావుకారు.

అందుకని బ్యాటరీ చచ్చిన ఎలక్ట్రిక్ సైకిలొకటి సంపాదించాడు. హనుమాన్ జంక్షన్‌లో పాత లాప్‌టాప్ బ్యాటరీలు కొని, పగలగొట్టి, లోపలి సెల్స్ తీశాడు. ఇంట్లో పెడితే ఆరోగ్యం పిన్ని తరిమేస్తుందని, ఆదివారం ప్రార్థన కాగానే మనుషులు లేని షెడ్డులో కూర్చున్నాడు. పెట్టెలకు మూతలు కొట్టే నేను పక్కన కూర్చున్నాను.

"గడ్డి దగ్గర వద్దు బాబాయ్."

"పుస్తకాలు చదివి చదివి పిరికోడివైపోయావురా. మేకులు కొట్టుకో. సర్దడం నాకొదిలేయ్."

సెల్స్ సందు లేకుండా పేర్చాడు. ఒక వైపు వాటిని కలిపే నికెల్ పట్టీ అతికించాడు. ఏమీ కాలేదు.

"చూశావా?" అని గుంపును తిరగేసి రెండో వైపు పట్టీ ఆనించాడు.

టప్పున మెరిసింది. పట్టీ ఎర్రబడి అతుక్కుపోయింది. ఒక సెల్లు బుస్సుమంది. అప్పుడు కనిపించింది నాకు: ఒకటి తలపైకి, ఒకటి తలకిందులుగా. ప్లస్సులన్నీ ఒకే వైపు ఉండాల్సిన గుంపును అతను మామిడికాయల్లా సర్దాడు.

వెనకాల గోడెత్తు గడ్డి. పక్కన సోమవారం వెళ్లాల్సిన పెట్టెలు.

"ఇసుక!" అని నేను అరుస్తుండగానే బాబాయి దాన్ని వట్టి చేత్తో పట్టుకుని, ఆ కాలితోనే కుంటుతూ బయటికి ఉరికాడు. రోడ్డు మీదికి విసిరాక పేలింది. కుడి అరచేతి తోలు కొంత దానితోనే పోయింది.

కట్టు కట్టించుకుని వచ్చి, "మిగతా సెల్స్ తియ్యి" అన్నాడు.

"బుద్ధుందా నీకు?"

"రేపు సోమవారంరా."

ఈసారి రోడ్డవతల సిమెంటు చప్టా మీద కూర్చున్నాం. పేర్చేది నేను. ఒక్కో సెల్లు పెడుతుంటే దాన్ని తిప్పడానికి అతని ఎడంచెయ్యి వచ్చేది. ప్రతిసారీ దాని మీద కొట్టాను. చివరి పట్టీ ఆనించేటప్పుడు ఇద్దరం మొహాలు పక్కకు తిప్పుకున్నాం. మెరుపు రాలేదు.

తెల్లారి లోడు దిగుతుండగా సైకిలు వచ్చి ఆగింది. షావుకారు కట్టు చూశాడు.

"ఈ చేత్తో ఏం సర్దుతావురా?"

"లోడు దిగేసరికి ఉండమన్నారు. ఉన్నానండీ. ఎడంచెయ్యి బాగానే ఉందండీ."

షావుకారు జేబులోంచి ఫోను తీసి చింతలపూడికి కలిపాడు. విక్టర్ గడ్డి పరిచి కాయ అందుకున్నాడు. నేను సుత్తి పడేసి, కాయలు అందిస్తూ ఎదురుగా కూర్చున్నాను. అతని ఎడంచెయ్యి అంత తొందరగా కదలడం నేనెప్పుడూ చూడలేదు.

అవతల ఫోను ఎత్తారు. షావుకారు పెట్టెలోకి వంగి చూశాడు.

"రేపు చెబుతాలే" అని పెట్టేశాడు.