బాలమణి అక్క మొదట అడగని ప్రశ్న

మధ్యాహ్నం మా ఆఫీసులో ఎవరో ఒకరు డబ్బా మూత తీస్తారు. జొన్నరొట్టె, వెల్లుల్లి కారం వాసన ఆ చిన్న గదంతా పరుచుకుంటుంది. వెంటనే ఒకరిద్దరు తలెత్తి నావైపు చూస్తారు, బ్యాకప్ అయిందా అన్నట్టు. నేను తలూపితేనే మిగతా డబ్బాలు తెరుచుకుంటాయి. కొత్తగా చేరినవాళ్ళకు ఇదేం ఆచారమో అర్థం కాదు. నైవేద్యం పెట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టని ఇళ్ళు ఉంటాయి గానీ, కంప్యూటర్ ముందు ఈ నిష్ఠ ఏమిటని నవ్వుకుంటారు. ఒకప్పుడు నేనూ నవ్వుకున్నాను. ఆకలి ఎక్కువగా ఉన్న రోజుల్లో లోలోపల తిట్టుకున్నాను కూడా. ఆ నియమం పెట్టిన మనిషి, ఈ ఆఫీసును నడిపిన బాలమణి అక్క పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ వాసన ముక్కుకు తగలగానే, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నా వెనక నిలబడి తెరవైపు చూసే ఆవిడే గుర్తుకొస్తుంది.

ముంబై కామాటిపురలో, వరసగా ఒంటిగది ఇళ్ళుండే ఒక పాత చాల్ కింది అంతస్తులో, అలాంటి పక్కపక్క గదులు, ఖోలీలు, రెండు కలిపి చేసిన ఆఫీసు మాది. చిన్న కంపెనీల మెయిల్ చూసుకోవడం మా పని. ఫాక్‌లాండ్ రోడ్ మీది హార్డ్‌వేర్ దుకాణాలు, ధారావిలోని తోలుసంచుల కార్ఖానాలు, మన తెలుగు లేబర్ కాంట్రాక్టర్లు, ఇలాంటివాళ్ళే మా కస్టమర్లు. వాళ్ళకు మెయిల్ పనిచేస్తున్నంత కాలం మేమున్నామన్న సంగతే గుర్తుండదు. ఒక్క గంట ఆగిందంటే మాత్రం గల్లీ మొదట్లోంచే కేకలు వినిపిస్తాయి. అక్క ఆ కేకలకు ఎప్పుడూ బెదరలేదు. వాళ్ళ నాన్న కట్టడాల పనిలో మేస్త్రీ. పరంజా కట్టడం పూర్తయ్యాక కూలీలను ఎక్కనిచ్చే ముందు తానే పైకెక్కి, నడిమధ్యన నిలబడి గెంతి చూసేవాడట. అక్క ఆ పద్ధతిని తెచ్చి మెయిల్‌కు పెట్టింది. బ్యాకప్ ఉందని ఎవరైనా చెబితే ఆమెకు సరిపోయేది కాదు, తెచ్చి చూపించాలి.

నేను చేరిన మొదటి వారంలోనే తన మెయిల్ పెట్టెను, కస్టమర్ల ఉత్తరాలన్నీ ఉన్నదాన్ని, నా కళ్ళముందే తుడిచేసింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆమె మాత్రం చాయ్ తాగడానికి బయల్దేరుతూ, తిరిగొచ్చేసరికి అది ఉండాలని చెప్పి చెప్పులేసుకుంది. నేను ఎలాగో తెచ్చాను గానీ, ఆమె చాయ్ తాగి, పక్కింటి పెద్దమ్మతో కబుర్లు చెప్పి, కూరగాయలు కూడా కొనుక్కొచ్చింది, అంత ఆలస్యమైంది. కోప్పడలేదు. ఆ వచ్చిన శుక్రవారం మళ్ళీ తుడిచింది. ఆ తరువాతి శుక్రవారమూ అంతే. నాకు ఆమె మీద మహా కోపంగా ఉండేది. చేయి తిరిగాక ఆ కోపం ఎటు పోయిందో తెలియదు.

అయితే నన్ను నిజంగా మార్చింది శుక్రవారాలు కాదు, నర్సింలు వచ్చిన ఒక బుధవారం.

నర్సింలు లేబర్ కాంట్రాక్టరు. వాళ్ళ నాన్న మహబూబ్‌నగర్ నుంచి మనుషుల్ని తెచ్చే గుంపు మేస్త్రీ. నర్సింలు అదే పనిని ఫోన్లతో, మెయిల్‌తో చేసేవాడు. సైటు సూపర్‌వైజర్లందరికీ కలిపి ఒకే మెయిల్ పెట్టె, ఒకే పాస్‌వర్డు. చాల్‌లో ఖోలీ తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోయినట్టు అదీ అందరి దగ్గరా ఉండేది. వేరువేరుగా పెట్టుకొమ్మని అక్క ఎన్నిసార్లు చెప్పినా, మా వాళ్ళ మధ్య దాపరికం ఎందుకని నవ్వేసేవాడు. ఆ బుధవారం పొద్దున నవ్వు లేదు. అతని మెయిల్ పెట్టెలో ఒక్క ఉత్తరం మిగల్లేదు. తుడిచినవి పోయి పడే చెత్తబుట్ట కూడా ఖాళీ. అన్ని ఫోన్లలోనూ అదే పెట్టె కాబట్టి అన్నిచోట్లా ఒకేసారి పోయాయి. ఊరి నుంచి ఆ తెల్లవారే దిగిన కొత్త గుంపు, మూటాముల్లెలతో సైటు గేటు బయట ఎండలో కూర్చుని ఉంది. వాళ్ళను లోపలికి పంపే అనుమతి కాగితం బిల్డరు ఆఫీసు నుంచి ముందురోజు పొద్దున మెయిల్‌లో వచ్చింది. అది చూపించకపోతే మధ్యాహ్నానికల్లా ఇంకో కాంట్రాక్టరు మనుషులు లోపలికి వెళ్ళిపోతారు. దాన్ని పంపిన ఆఫీసరేమో బయటికి వెళ్ళాడు, సాయంత్రం దాకా రాడు. అంత దూరం నుంచి పని ఉందన్న మాట నమ్మి వచ్చినవాళ్ళు మళ్ళీ బస్సెక్కాల్సిందే.

నర్సింలు కూర్చోలేదు. ఎవడు చేశాడో ముందు చెప్పమన్నాడు. ఎవరి ఫోన్ నుంచి తుడిచారో మా దగ్గర తెలుస్తుందని అతనికి తెలుసు. నాకూ అదే తోచింది, చేయి అటే పోయింది. అక్క నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఎవడనేది తర్వాత సూద్దాం నర్సింలూ. గేటు కాడ ఏ కాగితం సూపియ్యాలె, ఎవరు పంపిండ్రు, అది చెప్పు ముందు."

అతను వినలేదు. అంజయ్యే అయ్యుంటాడని, నిన్న ఊరికి బయల్దేరే ముందు ఫోన్ పట్టుకుని ఏదో చేస్తూ కూర్చున్నాడని, ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదని గొంతు పెంచాడు. వాడు మళ్ళీ ముంబైలో అడుగుపెడితే కాళ్ళు విరగ్గొడతానన్నాడు. అంజయ్య అతని పాత సూపర్‌వైజరు, వాళ్ళ నాన్న కాలం నుంచి ఉన్నవాడు. అక్క కుర్చీ లాగి అతని వెనక పెట్టింది. అదే ప్రశ్న, అదే గొంతుతో మళ్ళీ అడిగింది. మూడోసారి కూడా అడగాల్సి వచ్చింది. అప్పటికిగానీ ఆ ఆఫీసరు పేరు అతని నోటి నుంచి రాలేదు.

ముందు పాస్‌వర్డు మార్చాం, ఇంకెవరి చేయీ పడకుండా. కొత్త మెయిల్ రావడం, పోవడం సరిగ్గా ఉందో లేదో చూశాం. తరువాత రాత్రి బ్యాకప్ తెరిచాను. అదీ ఖాళీయే. ముందురోజు సాయంత్రమే పెట్టె తుడిచేశారు, రాత్రి మా యంత్రం ఆ ఖాళీనే బుద్ధిగా కాపీ చేసి పెట్టుకుంది. నర్సింలు నా ముఖం చూసి తెర దగ్గరికి వచ్చాడు. అక్క తెరవైపు ఒకసారి వంగి చూసి, "రాత్రిది పక్కకు పెట్టు. నిన్న పగటిది తియ్యి" అంది, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. డబ్బాలు తెరవకముందు తీసే ఆ బ్యాకప్‌ను నేను ఎన్ని రోజులు తిట్టుకున్నానో దేవుడికే తెలుసు. అందులో అన్నీ ఉన్నాయి.

పెట్టె నిండా ఏళ్ళ తరబడి సైటు ఫోటోలు, పెద్ద పెద్ద డ్రాయింగులు. మొత్తం వెనక్కి తేవాలంటే సాయంత్రమవుతుంది. నేను మొదటినుంచీ ఎక్కించబోతుంటే అక్క వద్దంది. ఆ ఆఫీసరు పంపిన ఒక్క ఉత్తరం ముందు బయటికి తీయించింది. అది నర్సింలు ఫోన్‌కు, అతని ఫోన్ నుంచి గేటు దగ్గరున్న మనిషికి వెళ్ళింది. ఆ తరువాత ఆ వారపు ఉత్తరాలు, ఆ తరువాతే పాతవి. గేటు దగ్గర నుంచి ఫోన్ వచ్చినప్పుడు మధ్యాహ్నం ఇంకా కాలేదు. మనుషులు లోపలికి వెళ్తున్నారని అవతలివాడు చెప్పాడు. నర్సింలు అప్పుడు కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది, తెర వెనకాల కళ్ళు తుడుచుకున్నాను.

అన్నీ వచ్చేస్తాయి అన్నా అని నేను ఉత్సాహంగా చెప్పబోయాను. అక్క వెంటనే అడ్డుకుని, పగటి బ్యాకప్‌కూ సాయంత్రానికీ మధ్య వచ్చిన ఉత్తరాలు మాత్రం రావని, అవి ఇక మా దగ్గర లేవని అతనికి సూటిగా చెప్పింది. అవి ఎవరెవరు పంపారో మాత్రం మా దగ్గర తెలుస్తుంది, వాళ్ళను మళ్ళీ పంపమని అడుగుదామంది. రానిదాన్ని దాచిపెడితే అతను మరుసటి వారం ఏ పని మధ్యలోనో తెలుసుకుంటాడని తరువాత నాతో అంది.

మేము ఇంకా పాతవి ఎక్కిస్తుండగానే నర్సింలు ఫోన్ మోగింది. అంజయ్య. దారిలో ఛార్జింగ్ అయిపోయిందట, ఇంటికి చేరగానే చేస్తున్నాడు. గది చిన్నది, అతని గొంతు పెద్దది, అందరికీ వినిపించింది.

"అన్నా, మంచిగ చేరిన. ఖోలీ ఊడ్చిన, డ్రమ్ము కడిగి బోర్లిచ్చిన. మెయిల్ గూడ మొత్తం సాఫ్ చేసి పెట్టిన. కొత్తగ వచ్చెటోనికి మన చెత్త ఎందుకని."

ఊరికి పోయే గుంపు, వచ్చే గుంపుకు ఖోలీ ఊడ్చి అప్పగించడం వాళ్ళ మర్యాద. నీళ్ళ డ్రమ్ము అడుగున పాతనీళ్ళు వదిలిపోయినవాడి గురించి నాలుగు ఊళ్ళవాళ్ళూ చెడుగా చెప్పుకుంటారు. అంజయ్య ఆ మర్యాదను మెయిల్ దాకా తీసుకెళ్ళాడు, చెత్తబుట్ట కూడా వదలకుండా. అతని గొంతులో మెచ్చుకుంటారేమోనన్న ఆశ కూడా ఉంది. అక్క చేయి చాపి ఫోన్ తీసుకుంది. ప్రయాణం బాగా జరిగిందా అని అడిగి, ఈసారి సాఫ్ చేసే ముందు మాకొక ఫోన్ కొట్టమని మాత్రం చెప్పి పెట్టేసింది. నర్సింలు ఫోన్ వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దున తెలిసుంటె వాణ్ణి తీసేస్తుంటి అక్కా" అన్నాడు.

"తెలుసు" అంది అక్క. నర్సింలు మర్నాడే సూపర్‌వైజర్లందరికీ వేరువేరు పెట్టెలు పెట్టించుకున్నాడు. అంజయ్య ఊళ్ళో పనులు చూసుకుని తిరిగొచ్చి, నా ఎరుకలో ఇంకా అతని దగ్గరే ఉన్నాడు.

ఆ సాయంత్రం తాళం వేస్తూ నేను అడిగాను, మనకు పేరు ఒక్క నిమిషంలో తెలిసేది కదా, ఎందుకు చూడనివ్వలేదని. గల్లీ చివరిదాకా నడిచాక అక్క అంది. "మిషిన్ ఖరాబైతె మనకు ఎంటనే తెలుస్తది సుజాతా. మనిషి చేయి జారితె, వాడొచ్చి చెప్తేనే తెలుస్తది. ఇయ్యాల ఒకని కాళ్ళు ఇరగ్గొడితె, రేపు ఎవడూ చెప్పడు. వాడు భయంతో ఎంతసేపు దాచిపెట్టుకుంటడో అంతసేపు మెయిల్ బంద్."

ఆమె ఉన్నంతకాలం ఆ మాట నాకు మంచితనంలాగే అనిపించింది. ఆమె పోయాక, ఆ కుర్చీలో నేను కూర్చున్నాకగానీ అది మా పనిలో భాగమేనని తెలియలేదు. వేగమైన డిస్కులు కొన్నాను, బ్యాకప్‌ల మధ్య వ్యవధి తగ్గించాను, ఒక కాపీ ఈ చాల్‌కు దూరంగా ఇంకోచోట పెట్టించాను. అక్క చూస్తే సంతోషించేది. చూడలేదన్న బాధ నాకు ఇంకా తగ్గలేదు, తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు.

పోయిన నెల మా రమేశ్, నాకంటే వయసులో పెద్దవాడు, వేరే ఆఫీసులో చాలాకాలం చేసి మా దగ్గరికి వచ్చినవాడు, లేచి నా బల్ల ముందు నిలబడ్డాడు. ధారావి కార్ఖానా ఒకదాని మెయిల్ మొత్తం తన చేయి జారి తుడుచుకుపోయిందని, ఇప్పుడే, ఈ నిమిషమే అని చెప్పాడు. కోపం నాకు ఠక్కున వస్తుంది, అప్పుడూ వచ్చింది. దాన్ని మింగి, వాళ్ళకు ముందు ఏది కావాలో అడిగాను. ఇద్దరం కూర్చున్నాం. కార్ఖానావాళ్ళు చాయ్ తాగి వచ్చేసరికి వాళ్ళ మెయిల్ వాళ్ళకు ఉంది. జరిగింది నేనే ఫోన్ చేసి చెప్పాను, లేకపోతే వాళ్ళకు తెలిసేది కూడా కాదు.

రమేశ్ తన కుర్చీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. పాత ఆఫీసులో అయితే కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోయేవాణ్ణి మేడమ్ అన్నాడు.