బెల్లం పెట్టి అడిగిన సలహా

మొన్న ఆదివారం పొద్దున్నే మా అన్న కూతురు వచ్చింది. చెప్పులు విప్పీ విప్పకముందే సంచిలోంచి బెల్లం ముక్క తీసి నా నోటి దగ్గర పెట్టి, "ముందుగాల నోరు తీపి చేస్కో అత్తా, తర్వాత ఒకటి అడుగుత" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. మా వాళ్ళు బెల్లం పెట్టి అడిగేది ఒక్క కొత్త వ్యాపారం గురించే. ముక్కను చేత్తో అందుకుని పళ్ళెంలో పెట్టి, "ముందు అడుగు" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. పిల్ల అంటున్నాను గాని ముప్పై దాటాయి. జహీరాబాదులోనే మందుల దుకాణంలో ఉద్యోగం. అది మానేసి హైవే పక్కన చూసుకున్న జాగాలో జొన్నరొట్టెల హోటల్ పెడుతుందట. బొంబాయి నుంచి వచ్చే లారీలవాళ్ళంతా అక్కడే ఆగుతారట. చాయ్ పెడతానని వంటింట్లోకి వెళ్ళి, పాలు పొంగేదాకా అక్కడే నిలబడిపోయాను. ఈ వయసులో నాకు ఇంకెవరికీ సలహా చెప్పే ఓపిక లేదు.

మా పుట్టింటి వాళ్ళలో కొత్త పని తలపెట్టినవాడు సలహాకు ఉత్త చేతులతో వెళ్ళడు. చెరకు పండించే కుటుంబం కాబట్టి బెల్లం పట్టుకుని బయల్దేరతాడు. అవతలి మనిషి నోట్లో అది పెట్టాకే సంగతి చెబుతాడు. తీపి తిన్న నోటితో వద్దు అనకూడదు, అపశకునం. ఈ పద్ధతి పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు సలహా వినే ఉద్దేశం ఏ కోశానా లేదని నా నమ్మకం. మా చిన్నాన్న ఇలాగే అందరినీ అడిగి సోడాల బండి పెట్టాడు. మా మేనమామ వేసవిలో తాగడానికే నీళ్ళు దొరకని చోట చేపలు పెంచుతానన్నాడు. అప్పుడు కూడా ఇంటిల్లిపాదీ బెల్లం చప్పరిస్తూ, శుభం అన్నవాళ్ళే.

మా అన్నకు ట్రాక్టర్ల కంపెనీలో ఉద్యోగం ఉండేది. నీలం చొక్కా వేసుకుని కంపెనీ బస్సెక్కుతుంటే వీధిలో వాళ్ళు తమ మగపిల్లలకు చూపించేవాళ్ళు. ఒక ఏడు అల్లం ధర పూర్తిగా పడిపోయింది. తవ్విన కూలి కూడా గిట్టదని రైతులు పంటను భూమిలోనే వదిలేశారు. అది చూసి అన్నకు ఆలోచన వచ్చింది. ఆ అల్లం కొని, ఎండబెట్టి, శొంఠి చేసి అమ్మాలని. మనిషి తొందరపాటువాడు కాదు. పదిమందిని అడిగి ఆఖరున నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు నేను ఝరాసంగంలో సైన్సు టీచర్‌ని. నా నోట్లో బెల్లం పెట్టి, "అల్లమైతే నిలవుండదు చెల్లె, శొంఠి అయితే ఎన్నొద్దులైనా ఉంటది. ఎట్లుంటదంటవ్?" అన్నాడు.

నాకు జవాబు తెలుసు. అంతకు ముందు రెండు వేసవులు ఇంటి అవసరానికని నేనే మేడ మీద అల్లం ఎండబెట్టాను. మా వైపు అల్లం నీటి అల్లం, పచ్చిగా వాడుకోవడానికే బాగుంటుంది. తట్టెడు పోస్తే ఎండేసరికి దోసెడు మిగిలింది. అదీ ముడతలు పడి వంకరపోయింది, దంచితే పీచు తప్ప పొడి రాలేదు. ఈ మాటంతా నాలుక చివరిదాకా వచ్చింది. కాని నాలుక మీద బెల్లం ఉంది, ఎదురుగా అన్న ముఖం వెలిగిపోతూ ఉంది. "మంచిగున్నదన్నా" అన్నాను. "అందరిల సదువుకున్నదానివి నువ్వే. నువ్వన్నంక ఇగ ఫికర్ లేదు" అని లేచాడు. ఆ వారంలోనే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు.

మొగుడంపల్లి దారిలో జాగా తీసుకుని టార్పాలిన్లు పరిచాడు. ఆడకూలీలు చెక్కు తీస్తుంటే దారంతా ఘాటు వాసన. నెల తిరిగాక కర్ణాటక నుంచి ఒక సేటు వచ్చాడు. ముక్క విరిచి, వాసన చూసి, మళ్ళీ జాగ్రత్తగా కుప్ప మీదే పెట్టి, "ఇది శొంఠి కాదన్నా, ఎండిన అల్లం" అన్నాడు. బేరం కూడా ఆడలేదు. పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. తర్వాత పదిహేనేళ్ళు అన్న జహీరాబాద్ నుంచి ఝరాసంగానికి షేర్ ఆటో నడిపాడు. రోజూ బడికి నేను ఆ ఆటోలోనే వెళ్ళేదాన్ని. ఆ నీలం చొక్కాలు పాతబడేదాకా ఆటో నడుపుతూ కూడా అవే వేసుకునేవాడు. వెనక కూర్చున్న నాకు అదే కనిపిస్తూ ఉండేది.

ఒకరోజు ఆటో నిండక ఎండలో ఆగిపోయాం. ఇద్దరమే ఉన్నాం. ఉండబట్టలేక చెప్పేశాను. "అన్నా, నాకు అప్పుడే ఎర్కనే. ఇంటి మీద ఎండవెట్టి చూసిన. నీకు చెప్పలే." అన్న వెనక్కి తిరగలేదు. "నువ్వు ఎండవెట్టుడు నేను చూసిన చెల్లె. అందుకే నిన్ను ఆఖర్ల అడిగిన. నువ్వు వద్దంటే ఆగుదామనుకున్న" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఇద్దరు ముసలమ్మలు మూటలతో వచ్చారు. "జర జరుగు చెల్లె" అని వాళ్ళను ఎక్కించుకుని ఆటో స్టార్ట్ చేశాడు. ఆ సంగతి మళ్ళీ మా మధ్య రాలేదు. అన్న పోయి మూడేళ్ళవుతోంది.

చాయ్ గ్లాసు మేనకోడలి చేతికిచ్చి, ఈసారి నోరు కట్టేసుకోలేదు. "వద్దు బిడ్డా" అన్నాను. ఆ హైవే జాగాలో లారీలు ఆగవన్నాను. మధ్యాహ్నం ఎండలో పొయ్యి ముందు కూర్చుని రెండు వందల రొట్టెలు కొట్టేవాళ్ళు దొరకరన్నాను. ఉన్న ఉద్యోగం వదలొద్దన్నాను. ఇంత గట్టిగా నేను జన్మలో ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె తల వంచుకుని అంతా విని, "నాయిన ఉంటే 'చెయ్యి బిడ్డా' అనేటోడు" అంది. చాయ్ సగం తాగి వెళ్ళిపోయింది.

సాయంత్రం కుర్చీ వేసుకుని వాకిట్లో కూర్చున్నాక తట్టింది. ఆ జాగా వైపు నేను వెళ్ళి ఏళ్ళయింది. ఇప్పుడక్కడ లారీలు ఆగుతాయో లేదో నాకు తెలియనే తెలియదు. నేను కాదన్నది ఆమె హోటల్‌ని కాదు, మా అన్న శొంఠిని. ఫోన్ చేసి ఆ మాటే చెబుదామని రెండుసార్లు నంబరు తీసి, పెట్టేశాను. అడిగిన రోజున ఇవ్వని జవాబు మనిషిలోనే ఉండిపోయి, ఎన్నేళ్ళకో బయటికి వస్తే, అడిగినవాడు అప్పటికి ఉండడు, ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళకు తగులుతుంది.