తలుపు మీద కాగితం

బైండింగ్ పని చేసే అతని కుడి అరచేయి ఎండిన జిగురుతో బిరుసెక్కి ఉంటుంది. మాట్లాడుతున్నప్పుడు కూడా అది దేన్నో ఒకదాన్ని సాపు చేస్తూనే ఉంటుంది, బల్ల అంచునో, చొక్కా మడతనో. బావమరిది అప్పుకు హామీ సంతకం చేశాడు. బావమరిది ఊరొదిలి పోయాడు, కోర్టు డిక్రీ ఇతని మీద పడింది. ఇల్లు జప్తులో ఉందని తల్లికి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. అది ఆమె కట్టించిన ఇల్లు. చూపు పోయాక గోడలూ తలుపులూ తడుముకుంటూ అందులోనే తిరుగుతుంది.

ఆ ఉదయం కోర్టు అమీనా వీధి తలుపుకు నోటీసు అంటించాడు. కాగితం ముడతలు పడి, ఒక మూల లేచింది. ఇతను లోపలికెళ్లి తన జిగురు గిన్నె తెచ్చాడు. కాగితాన్ని మెల్లగా ఊడదీసి, వెనక పలచగా పూసి, మధ్యనుంచి అంచులకు రుద్దుతూ మళ్లీ అంటించాడు.

"జప్తు నోటీసుకి ఇంత ముస్తాబు చేసినవాణ్ణి నిన్నే చూశానయ్యా," అని నవ్వాడు అమీనా.

"వదిలెయ్యండి, వానకి అదే ఊడిపోయేది," అంది భార్య గొంతు తగ్గించి.

అతను అంచుల వెంట గోరు పోనిచ్చి చూశాడు. ఎక్కడా తగల్లేదు.

కాసేపటికి తల్లి ఎండలో కూర్చుందామని బయటికొచ్చింది. గరుకు చెక్క మీదుగా జారుతున్న చేయి కాగితం దగ్గర ఆగింది.

"తలుపు చిత్రిక పట్టించావురా?"

"అవునమ్మా."

"మంచి పని చేశావు. ఇక పదేళ్ల దాకా చూసుకోనక్కర్లేదు," అంది, కోర్టు ముద్రను నిమురుతూ.