చేత్తో ఇస్తేనే

ఎవరైనా చేత్తో ఇవ్వందే చిట్టియ్యగారు ఏదీ పుచ్చుకోరు. రావులపాలెం చుట్టుపక్కల ఆయన చేసిన ఆరుబయటి బెంచీలూ, కొబ్బరిచిప్ప జుంకాలూ, చింతగింజల దండలూ చూసి నోరెళ్లబెట్టనివాళ్లు లేరు. వాటికోసం ఆయన ఒక్క కర్ర కొన్నదీ లేదు, ఒక్క చిప్ప ఏరుకున్నదీ లేదు.

ఒకసారి కొబ్బరికాయ సరిగ్గా ఆయన కాళ్లముందే రాలిపడింది. తోట ఆసామీ సంతనించి వచ్చేదాకా దానికి కాపలా కాశారు. గాలివానకి జగన్నాథరావుగారి వేపచెట్టు కూలితే, మూడురోజులు ఆ గోడవతలే నిలబడ్డారు. అడగొచ్చు కదా అని భార్య సూర్యకళ విసుక్కుంది.

"అడిగితే మొహమాటానికి ఇస్తారే. అది ఇచ్చినట్టు కాదు," అన్నారు.

ఇంట్లోనూ అదే వరస. అరుగుమీద పెట్టిన కాఫీ ముట్టుకోరు. సూర్యకళా పంతానికి అరుగుమీదే పెట్టేది. ఇరవయ్యేళ్లుగా ఆ కాఫీ పిల్లి తాగుతోంది.

అయినా ఆయన ఉలి పట్టుకుంటే మాత్రం ఆమెకి పొయ్యిమీద కూర గుర్తుండదు. ఎందుకూ పనికిరాదనుకున్న వంకర కొమ్మ, చూస్తుండగానే చెయ్యి ఆనించుకునే కుర్చీపట్టె అయిపోతుంది. ఇన్నేళ్లయినా ఆమెకి ఆ ఆశ్చర్యం తీరలేదు.

పోయినేడు ఆయన కన్ను పోతురాజు పడవమీద పడింది. నలభై ఏళ్లు గోదావరిలో వేట చేసిన మనిషి పోతురాజు. మోకాళ్లు మొరాయించాక ముసుగుతన్ని పడుకున్నాడు. కర్ర పట్టుకుని నడవమని డాక్టరు చెప్పినా ఏడాదిగా గడప దాటలేదు. అన్నం కూడా సరిగా తినడంలేదని భార్య నూకరత్నానికి ఒకటే దిగులు. పడవేమో రేవులో బోర్లాపడి పుచ్చిపోతోంది. చిట్టియ్యగారు రోజూ వెళ్లి దానిపక్కన నిలబడేవారు.

ఊరంతా నవ్వింది. తీసుకుపొమ్మని నూకరత్నమే చెప్పింది.

"ఆయనే వచ్చి, పడవమీద చెయ్యేసి ఇవ్వాలమ్మా," అన్నారీయన.

సూర్యకళకి తల కొట్టేసినట్టయింది. మంచం దిగని మనిషిని రమ్మంటారా అని ఇంటికొచ్చాక దులిపేసింది. ఆయన మర్నాడు మళ్లీ రేవుకెళ్లారు.

నలభయ్యోరోజున పోతురాజు కర్ర పొడుచుకుంటూ, దారిపొడుగునా తిట్టుకుంటూ రేవులోకొచ్చాడు.

"ఏంటయ్యా చిట్టియ్యా, నా పడవకి దిష్టెట్టేత్తన్నావు. తీస్కో. పీడా పోద్ది," అని పడవమీద చెయ్యేశాడు. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు.

పడవ వంపు వంపులాగే ఉంచి, వీపుకి ఆనేలా చిట్టియ్యగారు బెంచీ చేశారు. మిగిలిన చెక్కముక్కతో నూకరత్నానికి చేపల జుంకాలు చెక్కారు. పొలుసు పొలుసూ లెక్కపెట్టొచ్చు. బెంచీని రేవులోనే వేయించారు. ఇప్పుడు పోతురాజు పొద్దున్నే వచ్చి దానిమీద కూచుని, వల విసిరే ప్రతివాడికీ వంకలు పెడుతున్నాడు. ఆకలేస్తే ఇంటికెళ్లి అన్నం పెట్టమని కేకలేస్తున్నాడట.

ఆ సంగతి విని వచ్చిన సూర్యకళ, ఆయన పనిచేసుకునే షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. లోపల కప్పుదాకా కర్రే.

"ఇంత కర్ర పెట్టుకుని, ఆ పుచ్చు పడవకోసం నలభై రోజులు ఎందుకు నిలబడ్డారండీ?"

చిట్టియ్యగారు ఉలి పక్కన పెట్టారు.

"ఇవ్వాలంటే మనిషి గడప దాటాలి కదే."

సూర్యకళ మర్నాడు పొద్దున్న కాఫీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పిల్లి మాత్రం అరుగుమీద చాలాసేపు ఎదురుచూసింది.